కారు వాటర్ పంప్ ఎలా మార్చుకోవాలి? బోరు నీళ్ల ఊళ్లలో బండి నడిపేవారి కోసం

కొన్నేళ్ల కిందట మే నెలలో కర్నూలు నుంచి అనంతపురం వస్తున్నాం. డోన్ దాటి గుత్తి దగ్గరపడేసరికి టెంపరేచర్ ముల్లు రోజూ ఉండే చోటు వదిలి పైకి లేచింది. ఏసీ ఆపి, బండిని హైవే పక్కకు తీసి, వెంటనే ఇంజిన్ ఆపేశాను. గంట ఆగి బానెట్ ఎత్తి చూస్తే ఫ్యాన్ బెల్ట్ ఉన్న వైపు ఇంజిన్ మీద పచ్చటి చార, దాని చుట్టూ తెల్లటి పెచ్చు. గుత్తి నుంచి వచ్చిన మెకానిక్ ఆ పెచ్చును గోటితో గీకి, "ఇందులోకి బోరు నీళ్లు పోస్తాండావా అన్నా?" అని అడిగాడు. అవును, మూడేళ్లుగా అవే పోస్తున్నాను.

ఆ రోజు పంప్ మారుస్తూ ప్రతి పనీ పక్కన నిలబెట్టి చూపించింది ఆయనే. తర్వాత మా బావ బండికీ, పక్కింటివాళ్ల బండికీ నేనే మార్చాను. స్పానర్ పట్టడం వచ్చినవాళ్లకు ఇది ఒక ఆదివారం పని.

వాటర్ పంప్‌ను షెడ్లలో వాటర్ బాడీ అని కూడా అంటారు. ఇంజిన్‌లో వేడెక్కిన కూలెంట్‌ను (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) రేడియేటర్‌కు, అక్కడ చల్లబడినదాన్ని తిరిగి ఇంజిన్‌కు తిప్పడం దాని పని. లోపల ఒక రెక్కల చక్రం, దాని ఇరుసుకు బేరింగ్, కూలెంట్ బేరింగ్ వైపు రాకుండా ఒక సీలు ఉంటాయి. సాధారణంగా ముందు దెబ్బతినేది ఈ సీలే. దాని రెండు ముఖాలు రాసుకుంటూ తిరుగుతుంటాయి. వాటి మధ్య ఉండే పలచటి కూలెంట్ పొరే వాటిని అరగకుండా కాపాడుతుంది. బోరు నీళ్లలోని సున్నం అక్కడ చేరితే సీలు గీసుకుపోతుంది. నీళ్లు కాచే కాగు అడుగున పట్టే తెల్లటి పెచ్చు అందరం చూసిందే. అదే ఇంజిన్ లోపలా, రేడియేటర్ గొట్టాల్లోనూ పడుతుంది. మన దగ్గర ఎండలు 40 డిగ్రీలు దాటుతాయి కాబట్టి అందరూ ఎండనే తప్పుబడతారు. నేను విప్పి చూసిన పంపులను పాడు చేసింది మాత్రం ఎండకంటే ఎక్కువగా ఆ నీళ్లే.

పోయింది పంపేనా?

పంప్ కొనే ముందు ఇది తేల్చుకోండి. బండి ట్రాఫిక్‌లో నిలబడ్డప్పుడు మాత్రమే వేడెక్కి, హైవే మీద ముల్లు కిందికి దిగుతుంటే ముందు రేడియేటర్ ఫ్యాన్‌ను అనుమానించాలి. వేగంగా పోతున్నప్పుడు కూడా వేడెక్కుతుంటే పంప్, థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కాక తెరుచుకుని కూలెంట్‌ను రేడియేటర్‌కు వదిలే వాల్వు), పూడుకుపోయిన రేడియేటర్, ఈ మూడింటిలో ఒకటి కావచ్చు.

ఇంజిన్ పూర్తిగా చల్లారాక పంప్ బాడీ అడుగు వైపు టార్చ్ వేసి చూడండి. అక్కడ చిన్న రంధ్రం ఉంటుంది. సీలు పోతే కూలెంట్ బయటికి వచ్చి మనకు తెలియాలనే ఆ రంధ్రం పెడతారు. అక్కడినుంచి ధారగా చార దిగి ఉంటే సీలు పోయినట్టే. తర్వాత పంప్ పుల్లీని పైనా కిందా పట్టుకుని ఊపండి. కొంచెం కదిలినా బేరింగ్ అరిగినట్టు. ఇంజిన్ నడుస్తున్నప్పుడు ఆ వైపు నుంచి గరగరమనే చప్పుడు కూడా బేరింగ్‌దే కావచ్చు. బెల్ట్ తీసేసి పుల్లీని చేత్తో తిప్పితే రాళ్లు నలిగినట్టు తగులుతుంది.

ముల్లు ఎర్ర గీత వైపు పోతుంటే బండి నడపకండి. "ఇంకో పది కిలోమీటర్లే కదా" అని నడిపితే ఇంజిన్ పైభాగమైన అల్యూమినియం హెడ్ వంగుతుంది, దాని కింద ఉండే హెడ్ గ్యాస్కెట్ పోతుంది. పంప్‌తో పోయే ఖర్చు ఇంజిన్ విప్పేదాకా వెళ్తుంది.

మీ బండిలో పంప్ ఎక్కడుంది?

ఇది ముఖ్యం. కొన్ని ఇంజిన్లలో పంప్ బయటే ఉండి, బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్‌ను తిప్పే బెల్ట్‌తోనే తిరుగుతుంది. కింద చెప్పే పద్ధతి అలాంటి బండ్లకే. కొన్నింటిలో పంప్ టైమింగ్ బెల్ట్ (పిస్టన్ల కదలికకు సరిపోయేలా వాల్వులను నడిపే పళ్ల బెల్ట్) కవర్ వెనకాల ఉంటుంది. దాన్ని తీయాలంటే టైమింగ్ బెల్ట్ విప్పాల్సిందే. తిరిగి వేసేటప్పుడు పళ్లు తప్పితే కొన్ని ఇంజిన్లలో వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోతాయి. ఆ రకమైతే ఇంట్లో ప్రయత్నించకండి, అనుభవం ఉన్న మెకానిక్‌కు ఇవ్వండి. ఇచ్చేటప్పుడు పంప్‌తో పాటు టైమింగ్ బెల్ట్ కూడా కొత్తది వేయమనండి. రెండింటికీ విప్పే పని ఒకటే కాబట్టి కూలి కలిసొస్తుంది.

అంగట్లో ఏం కొనాలి?

ఇంజిన్ మోడల్, తయారైన సంవత్సరం చెప్పి పంప్ తీసుకోండి. ఒకే పేరున్న కారుకు పెట్రోల్, డీజిల్ ఇంజిన్ల పంపులు వేరుగా ఉంటాయి. పెట్టెలో గ్యాస్కెట్, షెడ్లో ప్యాకింగ్ అంటారు, ఉందో లేదో అక్కడే విప్పి చూడండి. బెల్ట్‌కు పగుళ్లుంటే అదీ, థర్మోస్టాట్ పాతదైతే దాన్నీ ఇప్పుడే మార్చడం మంచిది. కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ క్యాన్ తప్పనిసరి. సామాన్లలో 8 నుంచి 14 వరకు రింగ్, సాకెట్ స్పానర్లు, హోస్ క్లాంపులకు ప్లయర్, ప్లాస్టిక్ స్క్రేపర్, వెడల్పాటి టబ్బు ఉంటే చాలు. బోల్ట్ ఎంత బిగిసిందో చూపే టార్క్ రెంచ్ దొరికితే ఇంకా నయం. బండి కిందికి దూరాల్సి వస్తే జాకీ ఒక్కటే నమ్ముకోవద్దు, స్టాండ్లు పెట్టండి.

విప్పడం

రాత్రంతా ఆగిన బండి మీద ఉదయం పని మొదలుపెట్టండి. వేడి ఇంజిన్ మీద రేడియేటర్ మూత తీస్తే లోపల ఒత్తిడిలో ఉన్న కూలెంట్ ముఖం మీదికి ఎగజిమ్ముతుంది. ఈ ఒక్క విషయంలో తొందర వద్దు.

ముందు బ్యాటరీ నెగటివ్ వైర్ తీయండి. మూత తెరిచి, రేడియేటర్ అడుగున ఉన్న డ్రెయిన్ ప్లగ్ విప్పి కూలెంట్‌ను టబ్బులోకి దించండి. ప్లగ్ లేకపోతే కింది హోస్ వదులు చేయాలి. ఆ టబ్బును వాకిట్లో వదిలి లోపలికి వెళ్లకండి. చాలా కూలెంట్లలో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, కుక్కలు నాకుతాయి, పిల్లలు వేలు పెడతారు. అది విషం. పని కాగానే మూత ఉన్న డబ్బాలో పోసి గట్టిగా బిగించండి. కాలువలోకి పోయకుండా, పాత ఆయిల్ తీసుకునే సర్వీస్ షెడ్లో ఇవ్వండి.

బెల్ట్ తీసే ముందే పంప్ పుల్లీ బోల్టులు కొద్దిగా వదులు చేసుకోండి. బెల్ట్ బిగువుగా ఉన్నంతసేపు పుల్లీ తిరగకుండా ఆగుతుంది. బెల్ట్ తీశాక ఆ బోల్టులతో కుస్తీ పట్టాల్సి వస్తుంది. తర్వాత బెల్ట్ ఏ పుల్లీ మీదుగా ఎటు పోతుందో ఫోన్‌లో ఫోటో తీసి, ఆల్టర్నేటర్ బోల్ట్ వదులు చేసో, బెల్ట్‌ను బిగువుగా ఉంచే టెన్షనర్ తిప్పో బెల్ట్ బయటికి తీయండి. పుల్లీ తీస్తే పంప్ పూర్తిగా కనబడుతుంది.

పంప్ బోల్టులు అన్నీ ఒకే పొడవు ఉండకపోవచ్చు. ఒక అట్టముక్క మీద పంప్ బొమ్మ గీసి, ఏ బోల్ట్ ఏ చోటుదో అక్కడే గుచ్చండి. పొడవు బోల్ట్ పొట్టి రంధ్రంలో పడితే అల్యూమినియం పగులుతుంది. బోల్టులన్నీ తీసినా పంప్ ఊడకపోతే రబ్బర్ సుత్తితో పక్కలనుంచి మెల్లగా తట్టండి. మధ్యలో స్క్రూడ్రైవర్ దూర్చి పెకిలిస్తే ఇంజిన్ ముఖం మీద గీత పడుతుంది. ఆ గీత ఉన్నంతకాలం అక్కడ కారుతూనే ఉంటుంది.

బిగించడం

అసలు ఓపిక ఇక్కడే కావాలి. పాత ప్యాకింగ్ ముక్కలు, ఎండిన సీలెంట్ మొత్తం ప్లాస్టిక్ స్క్రేపర్‌తో తీసేయాలి. పంప్ తీసిన చోట ఇంజిన్ రంధ్రంలో గుడ్డ కుక్కుకుంటే చెత్త లోపలికి పోదు, తర్వాత ఆ గుడ్డ తీయడం మరవకండి. వేలితో తడిమితే ఎక్కడా ఏదీ తగలకూడదు. నాకు దీనికే ముప్పావుగంట పడుతుంది, ఎప్పుడూ తగ్గించుకోలేదు.

పాత, కొత్త పంపులను పక్కపక్కన పెట్టి బోల్ట్ రంధ్రాలు, రెక్కల చక్రం, పుల్లీ కూర్చునే ఎత్తు సరిచూడండి. ఎత్తు తేడా వస్తే బెల్ట్ పక్కకు లాగి తెగుతుంది. కాగితపు ప్యాకింగ్ అయితే పొడిగా వేయాలా, సీలెంట్ రాయాలా అన్నది పెట్టెలోని సూచన ప్రకారం చేయండి. రబ్బర్ రింగ్ ఉన్నదానికి సీలెంట్ రాయవద్దు. సీలెంట్ మాత్రమే వాడే రకమైతే పలచటి గీతలా వేయాలి, ఎక్కువైతే లోపలికి ఊడిపోయి రేడియేటర్ గొట్టాలకు అడ్డం పడుతుంది.

బోల్టులన్నీ ముందు చేత్తోనే ఎక్కించి, తర్వాత ఎదురెదురు వరుసలో కొంచెం కొంచెంగా బిగించండి. 10 స్పానర్ పట్టే చిన్న బోల్టులకు సుమారు 10 న్యూటన్ మీటర్ల బిగువు మామూలుగా సరిపోతుంది. మీ బండి సర్వీస్ మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే దాన్నే పాటించండి. పుల్లీ, బెల్ట్ వేశాక, చేత్తో బిగువు సర్దే రకమైతే రెండు పుల్లీల మధ్య బెల్ట్‌ను బొటనవేలితో నొక్కండి. సెంటీమీటరు దాకా దిగితే సరి. అంతకంటే బిగిస్తే కొత్త బేరింగ్ త్వరగా అరుగుతుంది.

నింపడం, గాలి తీయడం

చిక్కటి కూలెంట్ కొంటే సగం కూలెంట్, సగం డిస్టిల్డ్ వాటర్ కలపండి. కలిపి అమ్మేదైతే మళ్లీ నీళ్లు కలపకండి. "మనకు మంచు పడదు కదా, కూలెంట్ దేనికి?" అని చాలామంది అడుగుతారు. సగంసగం మిశ్రమం మామూలు గాలి ఒత్తిడి దగ్గరే సుమారు 107 డిగ్రీలకు గానీ మరగదు. మూత సరిగా ఉంటే ఒత్తిడివల్ల ఇంకా పైకి పోతుంది. తుప్పు పట్టకుండా ఆపే మందులు అందులో ఉంటాయి. మంచు లేని ఊరికి కూడా ఇవన్నీ కావాలి.

మెల్లగా పోస్తూ పై హోస్‌ను చేత్తో పిసుకుతుంటే గాలి బుడగలు బయటికొస్తాయి. బ్యాటరీ వైర్ పెట్టి, మూత తీసి ఉంచే ఇంజిన్ స్టార్ట్ చేసి, హీటర్‌ను పూర్తి వేడి మీద పెట్టండి. థర్మోస్టాట్ చాలా బండ్లలో 80 నుంచి 90 డిగ్రీల మధ్య తెరుచుకుంటుంది. అప్పుడు పై హోస్ వేడెక్కి, రేడియేటర్‌లో మట్టం ఒక్కసారి దిగుతుంది. దిగినంత పోసి, బుడగలు ఆగాక మూత వేయండి. ఫ్యాన్ ఒకసారి తిరిగి ఆగేదాకా చూడండి. హీటర్ చల్లగాలే ఇస్తుంటే లోపల ఇంకా గాలి ఉన్నట్టు. అప్పుడు బండి చల్లార్చి, మళ్లీ మొదటినుంచి చేయాలి.

మొదట ఊళ్లోనే పది పదిహేను కిలోమీటర్లు తిరగండి. మర్నాడు ఉదయం చల్లగా ఉన్నప్పుడు రిజర్వాయర్ (రేడియేటర్‌కు కలిపి ఉండే కూలెంట్ డబ్బా) మట్టం చూసి గీత పెట్టుకోండి. మూడో రోజు మళ్లీ చూడండి. కొత్త సీలు సర్దుకునేదాకా ఆ చిన్న రంధ్రం దగ్గర ఒకటి రెండు చుక్కలు కనిపించవచ్చు, ఆ తర్వాత పొడిగా ఉండాలి. కడప వైపు వాళ్లు గువ్వలచెరువు ఘాట్ ఎక్కే పని ఉంటే ఈ మూడు రోజులు అయ్యాకే పెట్టుకోండి.

డిక్కీలో కలిపిన కూలెంట్ లీటరు డబ్బా ఒకటి ఉంచండి. దారిలో తగ్గితే, బండి చల్లారాక అదే పోయండి. తప్పక మామూలు నీళ్లు పోయాల్సి వస్తే, ఇల్లు చేరాక మొత్తం దించేసి మళ్లీ సగంసగం నింపండి.