ఫైలు ఎక్కడ ఆగింది? చిన్న యూనిట్ల లోన్, సబ్సిడీ చిక్కులు - విరుగుళ్లు

మా టౌన్‌లో జీఎస్టీ రిటర్నులు వేయడం నా పని. దాంతోపాటు లోన్ ఫైళ్లు కూడా రాస్తుంటాను. వచ్చి కూర్చున్నవాళ్లు మొదట అనే మాట ఒకటే: "లోన్ రాలేదండీ." రాలేదంటే ఎక్కడ రాలేదు? జిల్లా పరిశ్రమల కేంద్రంలోనే ఆగిందా, బ్యాంకుకు వెళ్లి ఆగిందా, శాంక్షన్ అయ్యాక డబ్బు విడుదల కాలేదా? మూడింటికీ మందు వేరు. అందుకే ముందు అప్లికేషన్ నంబర్ కొట్టి పోర్టల్‌లో స్టేటస్ చూడండి. ఆ తర్వాతే ఎవరి మీదైనా కోప్పడొచ్చు.

సమస్య: పీఎంఈజీపీ అప్లికేషన్ బ్యాంకు దాకా వెళ్లకుండానే తిరస్కరించారు

పీఎంఈజీపీ అంటే సొంతంగా యూనిట్ పెట్టేవాళ్లకు బ్యాంకు లోన్‌తో పాటు సబ్సిడీ ఇచ్చే కేంద్ర పథకం. తిరస్కరణకు ఎక్కువసార్లు కారణం ఇదే: మెషిన్ ముందే కొనేశారు, షాపు తెరిచేశారు, తర్వాత సబ్సిడీకి పెట్టారు. ఈ పథకంలో మొదటి లోన్ కొత్త యూనిట్లకు మాత్రమే. ఇప్పటికే నడుస్తున్న యూనిట్‌కు, వేరే ప్రభుత్వ సబ్సిడీ తీసుకున్నదానికి వర్తించదు. భార్యాభర్తల్లో ఒక్కరికే ఇస్తారు. తయారీ యూనిట్ ఖర్చు 10 లక్షలు, సర్వీసు యూనిట్ ఖర్చు 5 లక్షలు దాటితే ఎనిమిదో తరగతి పాసై ఉండాలి.

మీది నడుస్తున్న పచ్చళ్ల యూనిటో, పిండిమరో అయితే పీఎంఈజీపీని వదిలేసి పీఎంఎఫ్‌ఎంఈ చూడండి. అది ఆహార తయారీ యూనిట్ల కోసం 2020లో వచ్చింది. యూనిట్ పెంచుకోవడానికి అయ్యే ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షలు సబ్సిడీ ఇస్తారు. జిల్లాలో డీఆర్‌పీ (జిల్లా రిసోర్స్ పర్సన్) అని ఒకరుంటారు, ఫైలు ఆయనే తయారు చేయిస్తారు. ఆయనకిచ్చేది ప్రభుత్వమే ఇస్తుంది, మీరు చేతిలో పెట్టక్కర్లేదు.

సమస్య: బ్యాంకు మేనేజర్ "చూద్దాం" అంటూ నెలలు గడుపుతున్నారు

దీని వెనక మూడు కారణాలుంటాయి.

ఒకటి, ప్రాజెక్ట్ రిపోర్ట్. మొన్న ఒకావిడ అప్పడాల యూనిట్ రిపోర్ట్ తెచ్చారు. స్పైరల్ బైండింగ్, 26 పేజీలు. 11వ పేజీలో "ఈ పేపర్ ప్లేట్ల యూనిట్‌కు" అని ఉంది! నెట్ సెంటర్ అబ్బాయి పాత ఫైల్లో పేరు మార్చి, 3 వేలు తీసుకున్నాడు. అందులో రోజుకు 2 క్వింటాళ్ల అప్పడాలని రాశాడు. ఆవిడకు ఆరబెట్టడానికున్న జాగా, మేడ మీద నాలుగు నులక మంచాలు పట్టేంత. మేనేజర్ ఆ రిపోర్ట్ పక్కన పడేశారంటే ఆయన తప్పేం లేదు. ఇద్దరం కూర్చుని 5 పేజీల్లో తిరగరాశాం: మినప్పప్పు కిలో ఎంతకు కొంటుంది, కిలో పప్పుకు ఎన్ని అప్పడాలొస్తాయి, ఏ కిరాణా షాపులు వారానికెన్ని తీసుకుంటాయి, వానాకాలం ఏం చేస్తుంది. ఆఖరి ప్రశ్నకు ఆవిడ దగ్గర జవాబు లేదు. అప్పుడే డ్రయ్యర్ కొటేషన్ తెప్పించాం. రిపోర్ట్ ఎవరు రాసినా, మేనేజర్ అడిగితే జవాబు మీ నోట రావాలి.

రెండు, సిబిల్, అంటే మీ పాత అప్పుల రికార్డు. "నేనెప్పుడూ అప్పు చేయలేదండీ" అంటారు. తీరా చూస్తే ఎప్పుడో బావమరిది ట్రాక్టర్ లోన్‌కు జామీను సంతకం పెట్టుంటారు, అతను కట్టుండడు. ఈ రికార్డు ఉంచే ప్రతి క్రెడిట్ సంస్థ ఏడాదికోసారి పూర్తి రిపోర్ట్ ఉచితంగా ఇవ్వాలి. బ్యాంకుకు వెళ్లకముందే తీసి చూసుకోండి. పాత బాకీ కట్టేశాక కూడా అలాగే కనిపిస్తుంటే నో డ్యూస్ సర్టిఫికెట్ జతచేసి సరిచేయమని ఫిర్యాదు పెట్టండి.

మూడు, తనఖా. "ఇంటి కాగితాలు తెండి" అన్నారా? సూక్ష్మ, చిన్న సంస్థలకు 20 లక్షల దాకా (2026 ఏప్రిల్‌కు ముందు 10 లక్షల దాకా) ఇచ్చే లోన్‌కు బ్యాంకులు తనఖా అడగకూడదని రిజర్వ్ బ్యాంక్ నియమం. ఆపైన కావాలంటే సీజీటీఎంఎస్‌ఈ (తనఖా లేని లోన్లకు బ్యాంకుకు పూచీ ఇచ్చే ట్రస్టు) గ్యారంటీ కింద పెట్టమని అడగొచ్చు. దానికి గ్యారంటీ ఫీజు ఉంటుంది. గొడవ పడొద్దు, అర్జీలోనే ఈ ముక్క రాసి, కాపీ మీద బ్యాంకు స్టాంపు వేయించుకోండి. కాదంటే ఎందుకు కాదో కాగితం మీద రాసిమ్మనండి. నోటిమాటకు విలువ లేదు.

సమస్య: సబ్సిడీ పడలేదు, మొత్తం లోన్‌కు వాయిదాలు కడుతున్నాం

చాలాసార్లు సబ్సిడీ పడే ఉంటుంది, మీకు కనిపించదంతే. పీఎంఈజీపీలో పల్లెలో యూనిట్ పెట్టే మహిళకు 35 శాతం సబ్సిడీ. 10 లక్షల ప్రాజెక్టులో ఆమె వాటా 50 వేలు, బ్యాంకు 9.5 లక్షలిస్తుంది. సబ్సిడీ 3.5 లక్షలు చేతికి రావు, ఆమె పేరున బ్యాంకులోనే 3 ఏళ్లు డిపాజిట్‌గా ఉంటాయి. ఆ డిపాజిట్‌కు వడ్డీ రాదు, లోన్‌లో అంత మొత్తం మీద వడ్డీ వేయకూడదు. 3 ఏళ్ల తర్వాత యూనిట్ నడుస్తోందో లేదో వచ్చి చూసి, లోన్‌లో సర్దుతారు.

ఇక్కడ బ్యాంకు పొరపాటు కూడా జరుగుతుంది. మా దగ్గరికొచ్చిన ఒక ఫైల్లో డిపాజిట్ వేశారు గానీ, వడ్డీ మాత్రం మొత్తం లోన్ మీద లాగేశారు. లోన్ స్టేట్‌మెంట్, డిపాజిట్ నంబర్ పక్కపక్కన పెట్టి రాతపూర్వకంగా అడిగితే తిరిగి వేశారు. మీరూ ఒకసారి లెక్క చూసుకోండి.

సమస్య: ఉద్యమ్ సర్టిఫికెట్‌కు 2,500 కట్టాం, లోన్ ఇప్పిస్తామని ఫోన్లొస్తున్నాయి

ఉద్యమ్ అంటే చిన్న యూనిట్లకు కేంద్రం ఇచ్చే రిజిస్ట్రేషన్, అది పూర్తిగా ఉచితం. ముఖ్యంగా ఆధార్, పాన్ కావాలి. వెబ్‌సైట్ చివర గవ్ డాట్ ఇన్ లేకపోతే వెంటనే బయటికి రండి. ముద్రా లోన్ బ్యాంకులో ఇస్తారు, ఏజెంట్లు ఇవ్వరు. ప్రాసెసింగ్ ఫీజు ముందు పంపమంటే అది మోసం. పంపేశారా? వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

సమస్య: సరుకిచ్చి ఆరు నెలలైంది, పెద్ద కంపెనీ డబ్బులివ్వడం లేదు

లోన్‌కోసం తిరిగేవాళ్లలో కొందరికి అసలు కావాల్సింది లోన్ కాదు, రావాల్సిన బాకీ. చిన్న సంస్థల కోసం వచ్చిన 2006 ఎంఎస్‌ఎంఈడీ చట్టం ప్రకారం, రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులకు మించి ఆపకూడదు. ఒప్పందం లేకపోతే 15 రోజులే. దాటితే రిజర్వ్ బ్యాంక్ ప్రకటించే 'బ్యాంక్ రేటు'కు మూడు రెట్లు వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. ఇది సూక్ష్మ, చిన్న యూనిట్లకే. కొని అమ్మే వ్యాపారులకు ఉద్యమ్ ఉన్నా ఈ హక్కు రాదు.

కేసు ఎక్కడ బలహీనపడుతుందంటే, సరుకు పంపాక ఉద్యమ్ చేయించుకున్నప్పుడు. పాత బిల్లులకు ఆ రక్షణ అడగడం కష్టం. రెండోది, సరుకు అందినట్టు సంతకం ఉండదు, వాట్సాప్‌లో "ఓకే" మాత్రం ఉంటుంది.

ముందు ఒక లెటర్ పంపండి: బిల్లు నంబర్లు, తేదీలు, గడువు దాటిన లెక్క, మీ ఉద్యమ్ నంబర్. గడువు దాటి, మార్చి 31లోగా కూడా కట్టకపోతే ఆ ఖర్చును కొన్నవాళ్లు ఆ ఏడాది ఆదాయపు పన్ను లెక్కలో చూపుకోలేరు. ఆ నియమం 2024 ఏప్రిల్ 1న పాత ఆదాయపు పన్ను చట్టంలో 43బీ(హెచ్) సెక్షన్‌గా అమల్లోకి వచ్చింది. లెటర్‌లో ఆ మాట చేర్చితే కంపెనీ అకౌంట్స్ వాళ్లు ఫోన్ ఎత్తుతారు. మార్చి నెలలో అయితే వాళ్లే చేస్తారు. అప్పటికీ కదలకపోతే కేంద్ర ఎంఎస్‌ఎంఈ శాఖ పోర్టల్‌లో ఫిర్యాదు వేయండి, అది ఇలాంటి బాకీ తగాదాలు తేల్చే రాష్ట్ర ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు వెళ్తుంది. పర్చేజ్ ఆర్డర్, ఇన్‌వాయిస్, సరుకు అందినట్టు సంతకం ఉన్న చలానా, ఈ మూడూ స్కాన్ చేసుకున్నాకే ఫిర్యాదు మొదలుపెట్టండి.