ఎముకల మాత్రతో గుండెల్లో మంటా? మానేసే ముందు ఇవి చూడండి

అమ్మకి ఎముకలు గుల్లబారాయని డాక్టర్ గారు వారానికోసారి వేసుకునే అలెండ్రోనేట్ 70 ఎంజీ రాశారు, మూడు వారాలు వేసుకుని ఎవరికీ చెప్పకుండా మానేసింది. స్ట్రిప్‌లో మాత్రలు అలాగే ఉన్నాయేంటమ్మా అంటే "వేసుకున్న రోజల్లా గుండెల్లో ఒకటే మంట, పోనీ నొప్పేమన్నా తగ్గిందా అంటే అదీ లేదు" అంది. నాకు కోపం రాలేదు, ఎందుకంటే ఎముక గట్టిపడేది మనకి తెలీదు, మంట మాత్రం ఆ రోజే తెలుస్తుంది, చాలామంది ఆపేసేది ఇక్కడే.

ఇంతకీ ఎలా వేసుకుంటున్నావని అడిగితే అసలు సంగతి బయటపడింది. గుక్కెడు నీళ్లతో మింగి మళ్లీ పడుకుంటోంది! ఈ మాత్ర అన్నవాహికలో అతుక్కుంటే అక్కడి పొర దెబ్బతింటుంది, అందుకే పొద్దున్నే పరగడుపున, నిండు గ్లాసు మామూలు నీళ్లతో, నమలకుండా చప్పరించకుండా మింగేసి, కనీసం అరగంట కూర్చోవాలి లేదా నడవాలి, ఏదైనా తినేదాకా నడుం వాల్చకూడదు. ఆ అరగంటా కాఫీ, పాలు, వేరే మాత్రలు ఏవీ వద్దు, అన్నీ సరిగ్గా చేసినా ఒంటికి పట్టేది ఒక శాతం లోపే, కాఫీతో వేస్తే అదీ బాగా తగ్గిపోతుంది. అమ్మకి శనివారం ఒంటిపొద్దు కాబట్టి మేం బుధవారం పెట్టుకున్నాం.

ఇంకోటి, ప్రతి మంటా ఈ మాత్రదే అనుకోకండి. ఎముకలకని వేసుకునే కాల్షియం మాత్రల్లో కార్బొనేట్ రకంతో మలబద్ధకం, గ్యాస్ రావచ్చు, సిట్రేట్ రకం పడుతుందేమో డాక్టర్‌ని అడగండి. మోకాళ్ల నొప్పికని మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్ లాంటివి కూడా కడుపుని బాగా ఇబ్బంది పెడతాయి, దయచేసి అవి వాడుతున్నామని డాక్టర్‌కి దాచకుండా చెప్పండి.

మింగుతుంటే నొప్పి, ముద్ద దిగకపోవడం, ఛాతీలో నొప్పి, నల్లటి విరేచనం, ఇవి కనిపిస్తే మాత్రం తర్వాతి డోసు వేసుకోకుండా వెంటనే చూపించుకోవాలి. అన్నవాహిక సన్నబడినవాళ్లు, అరగంట నిటారుగా కూర్చోలేనివాళ్లు అసలు వేసుకోకూడదు.

పద్ధతి మార్చినా పడకపోతే వేరే దారులున్నాయి. జోలెడ్రోనిక్ యాసిడ్ 5 ఎంజీ ఏడాదికోసారి సెలైన్‌లా నరంలోకి ఎక్కిస్తారు, అన్నవాహికతో పనే లేదు, కాకపోతే మొదటిసారి రెండు మూడు రోజులు జ్వరం, ఒళ్లు నొప్పులు రావచ్చు, ముందుగా కిడ్నీ, కాల్షియం, విటమిన్ డి టెస్టులు చూస్తారు. డెనోసుమాబ్ ఆరు నెలలకోసారి చర్మం కింద ఇచ్చే ఇంజెక్షన్, దీన్ని మాత్రం సొంతంగా ఆపొద్దు, డేటు దాటనివ్వొద్దు, ఆపితే వెన్నుపూసలు విరిగే ప్రమాదం ఉంది.

డాక్టర్ దగ్గరికెళ్లేటప్పుడు "పడట్లేదు" అని ఊరుకోకుండా ఎప్పుడు వేసుకున్నారు, ఎంతసేపటికి మంటొచ్చింది, ఆ రోజు ఇంకేం మాత్రలు వేసుకున్నారు, ఒక కాగితం మీద రాసుకెళ్లండి. బుధవారం మర్చిపోయారా, గురువారం పొద్దున ఒకటి వేసుకుని మళ్లీ వచ్చే బుధవారం నుంచి మామూలే, ఒకే రోజు రెండు మాత్రం వేసుకోవద్దు.