లిక్విడ్ కూలర్ పెట్టినా టెంపరేచర్ తగ్గట్లేదా? కొత్తది కొనేముందు ఇవి చూడండి

మొన్న మే నెలలో మా పిన్ని వాళ్ల అబ్బాయి గుంటూరు నుంచి ఫోన్ చేశాడు. "అన్నా, పీసీకి 360 లిక్విడ్ కూలర్ పెట్టించా, గేమ్ ఓపెన్ చెయ్యగానే ప్రాసెసర్ 100 డిగ్రీలు కొడుతోంది, డిఫెక్ట్ పీస్ అనుకుంటా, రిటర్న్ పెట్టేస్తున్నా" అన్నాడు. నేను ఒక్కటే అడిగా, 100కి వెళ్లడానికి ఎంతసేపు పడుతోంది రా అని. "ఎంతసేపేంటన్నా, క్లిక్ చేసీ చెయ్యగానే" అన్నాడు. రిటర్న్ ఆపరా, ఆదివారం వస్తున్నా అని చెప్పా.

ఈ "ఎంతసేపట్లో" అనేదే అసలు ప్రశ్న, చాలామంది అడగరు. లిక్విడ్ కూలర్ అంటే ప్రాసెసర్ వేడిని రాగి ప్లేట్ ద్వారా నీళ్లలోకి లాగి, పంప్‌తో రేడియేటర్‌కి పంపి, ఫ్యాన్లతో బయటికి ఊదేది, 360 అనేది ఆ రేడియేటర్ సైజు. కూలర్‌లో ఉన్న నీళ్లు, పెద్ద రేడియేటర్ వేడెక్కాలంటే నిమిషాలు పడుతుంది. కాబట్టి లోడ్ ఇచ్చిన రెండు సెకన్లలోనే మీటర్ పైకి ఎగిరిపోతే వేడి అసలు నీళ్ల దాకా చేరట్లేదు అని అర్థం, అంటే ప్రాసెసర్‌కీ కూలర్ రాగి ప్లేట్‌కీ మధ్యనే ఏదో తేడా ఉంది. పది నిమిషాల్లో మెల్లగా పెరిగితే వేడి నీళ్లలోకి వస్తోంది కానీ బయటికి పోవట్లేదు, అప్పుడు రేడియేటర్, ఫ్యాన్లు, క్యాబినెట్ చూడాలి.

ముందు హెచ్‌డబ్ల్యూఇన్ఫో (టెంపరేచర్, వాట్లు చూపించే సాఫ్ట్‌వేర్) వేసుకుని సెన్సార్స్ పేజీ ఓపెన్ చేసి, సినీబెంచ్ ఆర్23 (ప్రాసెసర్‌కి ఫుల్ లోడ్ పెట్టే సాఫ్ట్‌వేర్) పది నిమిషాల టెస్ట్ పెట్టండి. ఐదో సెకన్‌లో టెంపరేచర్, పదో నిమిషంలో టెంపరేచర్, సీపీయూ ప్యాకేజ్ పవర్ ఎన్ని వాట్లు, ఆ టైంలో గదిలో ఎంత వేడి ఉంది, ఈ నాలుగు కాగితం మీద రాసుకోండి. వాట్లు లేకుండా టెంపరేచర్ ఒక్కటే చెప్తే ఎవరూ ఏమీ చెప్పలేరు.

సమస్య: లోడ్ పడగానే సెకన్లలో 95, 100

ముందు వాట్లు చూడండి. ఇంటెల్ 14900కె లాంటి ప్రాసెసర్ 250 వాట్లు దాటి తాగుతుంటే వెంటనే పైకెళ్లడం మామూలే, దాని గురించి కింద చెప్తా. కానీ 80, 100 వాట్లకే 95 కొడుతుంటే చాలావరకు కూలర్ సరిగ్గా కూర్చోలేదనే అర్థం.

మావాడి సిస్టమ్ ఇంటెల్ 12700కె, అంటే ఎల్‌జీఏ 1700 సాకెట్ (బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు). కూలర్ తీసేముందు పీసీని ఒక ఐదు నిమిషాలు ఆన్‌లో ఉంచి థర్మల్ పేస్ట్ (ప్రాసెసర్‌కీ ప్లేట్‌కీ మధ్య వేడి దాటడానికి పూసేది) వెచ్చబడనిచ్చి, ఆపి, ప్లగ్ పీకి, స్క్రూలు తీసి, కూలర్‌ని అటూ ఇటూ కొంచెం తిప్పుతూ లేపా. నేరుగా పైకి లాగకండి, ముఖ్యంగా ఏఎండీ ఏఎం4 సాకెట్ బోర్డుల్లో ప్రాసెసర్ కూడా కూలర్‌కి అతుక్కుని ఊడొచ్చేస్తుంది, పిన్నులు వంగితే చాలా బాధ. లేపి చూస్తే, మధ్యలో పెట్టిన బఠాణీ గింజంత పేస్ట్ కొంచెం చదునై చిన్న అప్పచ్చిలా అయింది అంతే, అంచులకి పోనేలేదు, రాగి ప్లేట్ మూలలు కొత్త చెంబులా తళతళా మెరుస్తున్నాయి. అంటే ప్లేట్ ప్రాసెసర్ మీద కూర్చోలేదు, పైన వేలాడుతోంది.

కారణం ఏంటంటే షాపులో బిగించినవాళ్లు పాత ఎల్‌జీఏ 1200 సాకెట్ స్టాండాఫ్‌లు (కూలర్‌ని పట్టి ఉంచే చిన్న స్తంభాల్లాంటి స్క్రూలు) వేశారు. ఇంటెల్ 1200 సాకెట్‌లో స్క్రూ రంధ్రాల మధ్య దూరం 75 మిల్లీమీటర్లు, 1700లో 78, పైగా 1700లో ప్రాసెసర్ పాతవాటికంటే కాస్త కిందకి కూర్చుంటుంది. కిట్‌తో వచ్చే, బోర్డు వెనక పెట్టే బ్యాక్‌ప్లేట్ చాలావాటిలో జరుపుకోవచ్చు కాబట్టి రంధ్రాలు ఎలాగోలా కలిసిపోతాయి, స్టాండాఫ్ ఎత్తు మాత్రం తప్పుతుంది, స్క్రూ చివరిదాకా బిగిసిపోయింది కదా అని మనం సంతోషపడతాం కానీ బరువంతా స్టాండాఫ్ మీదే ఆగిపోతుంది. డబ్బాలో అడుగున ఇంకో చిన్న కవర్లో 1700 స్టాండాఫ్‌లు అలాగే సీల్ విప్పకుండా ఉన్నాయి. అవి వేసి, పాత పేస్ట్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, కొత్తది పెట్టి, నాలుగు స్క్రూలు ఎదురెదురు మూలల వరసలో ఒక్కోటి రెండేసి చుట్లు తిప్పుతూ బిగించా. గదిలో 36 ఉన్నా కూడా సినీబెంచ్‌లో 79 దగ్గర ఆగింది. అదే కూలర్, అదే ప్రాసెసర్.

ఒకే మూల పూర్తిగా బిగించి తర్వాత మిగతావి బిగిస్తే ప్లేట్ ఒక పక్కకి వాలిపోతుంది, పేస్ట్ ఒకవైపు పల్చగా ఇంకోవైపు మందంగా కనిపిస్తుంది. అలా కనిపిస్తే తుడిచేసి మళ్లీ మొదట్నుంచి బిగించండి, ఒకసారి లేపిన పేస్ట్ మీదే మళ్లీ కూర్చోబెట్టొద్దు, గాలి ఇరుక్కుంటుంది. ప్లేట్ కింద పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ ఫిల్మ్ తీశారా లేదా అనేది కూడా చూడండి, అది అలాగే ఉంచి బిగించినవాళ్లు చాలామందే ఉన్నారు.

ఏఎండీవాళ్లకి ఇంకో మాట. ఏఎం4లో పైన ప్లాస్టిక్ బ్రాకెట్ స్క్రూలు తీస్తే వెనక బ్యాక్‌ప్లేట్ ఊడి కింద పడిపోతుంది, ఒక చేత్తో పట్టుకోండి. ఏఎం5లో బ్యాక్‌ప్లేట్ బోర్డుకే ఉండిపోతుంది, దాన్ని పీకే ప్రయత్నం చెయ్యొద్దు, కూలర్ స్టాండాఫ్‌లు దానికే బిగుస్తాయి. ఇక ఎల్‌జీఏ 1851 అంటే కోర్ అల్ట్రా 200 సిరీస్, దానికి 1700 కిట్టే సరిపోతుంది.

సమస్య: ఏమీ ఓపెన్ చెయ్యకపోయినా, బయోస్‌లో (విండోస్ రాకముందు వచ్చే బోర్డు సెట్టింగ్స్‌లో) ఉన్నా పెరుగుతూనే ఉంది, కాసేపటికి ఆఫ్ అయిపోతోంది

పంప్ తిరగట్లేదు. పంప్ హెడ్ మీద వేలు పెట్టండి, సన్నగా వణుకు తెలియాలి. కొన్ని నిమిషాలు నడిచాక రెండు పైపులూ పట్టుకుని చూడండి, పంప్ దగ్గర కాలిపోతూ రేడియేటర్ మాత్రం చల్లగా ఉంటే నీళ్లు కదలట్లేదు. అయితే పంప్ పోయింది అని వెంటనే అనుకోకండి, ముందు వైర్లు చూడండి. కొన్ని పంపులకి పవర్ సప్లై నుంచి వచ్చే సాటా పవర్ కనెక్టర్ కావాలి, అది పెట్టడం మర్చిపోతే లైట్ కూడా రాదు. కొన్నింటికి బోర్డు మీద హెడర్ (వైరు గుచ్చే పిన్నులు) చాలు, అలాంటిదాన్ని మామూలు క్యాబినెట్ ఫ్యాన్ హెడర్‌కి పెడితే బోర్డు టెంపరేచర్ బట్టి వోల్టేజ్ తగ్గించేసి పంప్‌ని సగం స్పీడ్‌లో నడుపుతుంది. ఏఐఓ పంప్ అని రాసున్న హెడర్‌కి పెట్టి, బయోస్‌లో ఫుల్ స్పీడ్ పెట్టేయండి. రేడియేటర్ ఫ్యాన్లు సీపీయూ ఫ్యాన్ హెడర్‌కి పెట్టండి, అది ఖాళీగా ఉంటేనే ఆన్ చేసినప్పుడల్లా సీపీయూ ఫ్యాన్ ఎర్రర్ అని ఆగిపోయేది. అన్నీ సరిగ్గా పెట్టినా బయోస్‌లో పంప్ ఆర్‌పీఎం సున్నా చూపిస్తూ వణుకు కూడా లేకపోతే అప్పుడు వారంటీకి పంపండి.

సమస్య: మొదట బాగానే ఉంటుంది, పది పదిహేను నిమిషాలకి 90 దాటుతుంది

సైడ్ ప్యానెల్ తీసి అదే టెస్ట్ మళ్లీ పెట్టండి. ఐదారు డిగ్రీలు తగ్గితే క్యాబినెట్‌లో గాలి ఆడట్లేదు, ముందువైపు మొత్తం గ్లాసు ఉన్న క్యాబినెట్లకి ఇది మామూలు జబ్బు. ఫ్యాన్ ఎటు ఊదుతోందో తెలియకపోతే అగరుబత్తి వెలిగించి గ్రిల్ దగ్గర బయటే పట్టుకోండి, పొగ లోపలికి పోతోందా వెనక్కి వస్తోందా కళ్లకి కనిపిస్తుంది. ఫ్యాన్ చట్రం, దాని మధ్య పుల్లలు ఉన్న వైపుకే గాలి వెళ్తుంది. పైన పెట్టిన రేడియేటర్ ఫ్యాన్లు గాలిని బయటికి తోయాలి, ముందు పెట్టినవి లోపలికి లాగాలి, ఒకే రేడియేటర్ మీద రెండు అటూ ఒకటి ఇటూ పెట్టినవి కూడా చూశా.

దుమ్ము సంగతి వేరే చెప్పక్కర్లేదు, రోడ్డు పక్క ఇళ్లలో ఆర్నెల్లకే రేడియేటర్ రేకుల మధ్య బూడిద రంగు దుప్పటి పరుచుకుంటుంది. ఫ్యాన్ విప్పి, బ్రష్‌తో, బ్లోయర్‌తో ఊదండి. ఫ్యాన్ తిరగకుండా వేలితో ఆపి ఊదండి. గదిని చల్లబరిచే వాటర్ కూలర్ నడిచేవాళ్లకి ఆ తేమకి దుమ్ము ముద్దగా అతుక్కుంటుంది, కాస్త తరచుగా చూసుకోండి. గదిలో ఆ వాటర్ కూలర్ ఉంటే ప్రాసెసర్ దగ్గర చెమ్మ పడుతుందా అని అడుగుతుంటారు, పడదు, పీసీలోని లిక్విడ్ కూలర్ గది వేడి కంటే చల్లగా ఎప్పటికీ వెళ్లదు.

ఆ చివరి మాట ఎండాకాలానికి బాగా గుర్తుపెట్టుకోవాలి. విజయవాడలో, రామగుండంలో మే నెల మధ్యాహ్నం గదిలో 38 ఉన్నప్పుడు టెస్ట్ చేసి, ఏసీ గదిలో 24లో తీసిన రివ్యూ నంబర్‌తో పోల్చుకుని బాధపడొద్దు, ఆ 14 డిగ్రీలు దాదాపు అలాగే మీ నంబర్‌కి కలుస్తాయి.

సమస్య: గుడగుడ శబ్దం

కొత్తది అయితే ఒకటి రెండు రోజులు వస్తుంది, లోపల గాలి బుడగలు. తగ్గకపోతే రేడియేటర్ ఎక్కడుందో చూడండి. గాలి ఎప్పుడూ పైకే చేరుతుంది, రేడియేటర్ పైభాగం పంప్ కంటే ఎత్తులో ఉంటే అక్కడ చేరి ఊరుకుంటుంది, క్యాబినెట్ అడుగున రేడియేటర్ పెడితే గాలి పంప్‌లోకి వచ్చి చేరుతుంది, శబ్దమూ వస్తుంది, పంప్ కూడా త్వరగా పోతుంది. ముందువైపు నిలువుగా పెట్టేవాళ్లు పైపులు కిందవైపు వచ్చేలా తిప్పితే మంచిది. నాలుగైదేళ్ల కూలర్‌లో కొత్తగా గుడగుడ మొదలై టెంపరేచర్ కూడా నెమ్మదిగా పెరుగుతుంటే నీళ్లు తగ్గిపోయాయి, ఎక్కడా లీక్ లేకపోయినా పైపుల గుండా ఏళ్ల తరబడి కొంచెం కొంచెం ఇగిరిపోతాయి. ఎక్కువ మోడల్స్‌లో మళ్లీ నింపే దారి ఉండదు, మార్చాల్సిందే.

సమస్య: అన్నీ సరిగ్గానే ఉన్నాయి, అయినా 95

అది కొన్ని చిప్‌ల స్వభావం. రైజన్ 7000 ఎక్స్ మోడల్స్ ఫుల్ లోడ్‌లో 95 దాకా వెళ్లేలా ఏఎండీనే తయారుచేసింది. బయోస్‌లో ఈకో మోడ్ పెడితే కొంచెం స్పీడ్ తగ్గుతుంది, వేడి చాలా తగ్గుతుంది, నేనైతే మన ఎండలకి అదే పెట్టుకోమంటా. ఇంటెల్ 13, 14 జెన్ కె సిరీస్‌లో చాలా బోర్డులు పాత బయోస్‌లలో పవర్ లిమిట్‌ని ఎత్తేసి నడిపేవి, 13900కె, 14900కె లకి పీఎల్2 అనే పవర్ లిమిట్‌ని 253 వాట్లకి చేత్తో పెట్టండి. ఈ చిప్‌లు వాడేవాళ్లు బయోస్ కూడా అప్‌డేట్ చేసుకోవాలి, 2024లో బయటపడిన వోల్టేజ్ సమస్యకి ఆ సెప్టెంబర్‌లో 0ఎక్స్12బి మైక్రోకోడ్ (బయోస్‌తో పాటు వచ్చే ప్రాసెసర్ అప్‌డేట్) వచ్చింది. గేమ్‌లు మధ్యలో క్రాష్ అవుతుంటే అది కూలర్ వల్ల కాకపోవచ్చు.

నిజంగా మార్చాల్సి వస్తే

65 వాట్ల ఐ5కి, రైజన్ 5కి లిక్విడ్ అవసరం లేదు, మంచి టవర్ ఎయిర్ కూలర్ చాలు. 120 రేడియేటర్ మీద డబ్బు పెట్టొద్దు. 150 వాట్ల వరకు 240, ఆ పైన 360. సికింద్రాబాద్ సీటీసీకి (కంప్యూటర్ షాపుల మార్కెట్) వెళ్లేముందు టేపు పట్టుకుని క్యాబినెట్ పైకప్పుకీ బోర్డుకీ మధ్య కొలవండి, రేడియేటర్ మామూలుగా 27, ఫ్యాన్ 25, రెండూ కలిపి 52 మిల్లీమీటర్లు కావాలి, ఎత్తు ర్యామ్ ఉంటే అది కూడా అడ్డొస్తుంది. లైట్ల వైరు మూడు పిన్నులదైతే 5 వోల్ట్ హెడర్‌కే పెట్టండి, 12 వోల్ట్ దానికి పెడితే లైట్లు ఆ క్షణమే కాలిపోతాయి. రేడియేటర్ స్క్రూలు కిట్‌లోవే వాడండి, పొడుగు స్క్రూ వేస్తే రేకుల్లోకి దిగి నీళ్ల గొట్టానికి బొక్క పడుతుంది. ఎప్పుడైనా తడి కనిపిస్తే ముందు ప్లగ్ పీకండి, తర్వాతే తుడవండి, పూర్తిగా ఆరేదాకా ఆన్ చెయ్యొద్దు.

బిగించాక మిగిలిన స్టాండాఫ్‌లు, బ్రాకెట్‌లు ఆ చిన్న కవర్లతో సహా డబ్బాలోనే పెట్టి, డబ్బా మీద ఏ సాకెట్‌కి ఏవి వేశారో పెన్నుతో రాయండి. మావాడి డబ్బా మీద ఇప్పుడు పెద్దక్షరాలతో "1700 వేశాం, 1200వి లోపల ఉన్నాయి" అని ఉంది.