అనంతపురం అరటిని ఓడ ఎక్కించే ముందు

గల్ఫ్‌కు మొదటిసారి కంటైనర్ పంపబోయే నార్పల, పుట్లూరు రైతులు గెల కోయకముందే కాగితాలు సరిచూసుకోవాలి. కోసిన కాయ కాగితాల కోసం ఆగదు.

కేంద్ర విదేశీ వాణిజ్య విభాగం డీజీఎఫ్‌టీ ఇచ్చే ఐఈసీ (ఎగుమతి, దిగుమతులకు కావలసిన కోడ్), వ్యవసాయ ఎగుమతులు చూసే కేంద్ర సంస్థ అపెడాలో నమోదు చేతిలో ఉన్నాయా? ఎగుమతి సొమ్ము జమయ్యే బ్యాంకు శాఖను గుర్తించే ఏడీ కోడ్‌ను బ్యాంకు నుంచి తీసుకుని, సరుకు వెళ్లే రేవుకు కస్టమ్స్ వెబ్‌సైట్ ఐస్‌గేట్‌లో నమోదు చేయించారా? ఇది చివరి రోజుకు వదిలేసే పని కాదు.

అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ షిప్పింగ్ బిల్లు, అంటే ఎగుమతి సరుకు వివరాలతో కస్టమ్స్‌కు ఇచ్చే పత్రం మీద పెట్టండి. 1962 నాటి కస్టమ్స్ చట్టం 50వ సెక్షన్ ప్రకారం అందులోని వివరాలు నిజమని ప్రకటించేది ఎగుమతిదారే. ఏజెంటు నింపినా సరే, మీరు కూర్చుని చదవండి. పెట్టెల సంఖ్య, బరువు, ధర ఇన్‌వాయిస్‌తోనూ ప్యాకింగ్ జాబితాతోనూ అంకె తప్పకుండా కలవాలి. కస్టమ్స్ సరుకుల వర్గీకరణ పట్టికలో అరటి 0803 శీర్షిక కిందికి వస్తుంది.

తాజా అరటిపై ఎగుమతి సుంకం లేదు కాబట్టి కస్టమ్స్ అధికారితో పని లేదనుకోవడం పొరపాటు. సుంకం వసూలు ఆయన బాధ్యతల్లో ఒకటి మాత్రమే. నిషేధిత సరుకేదీ దాటకుండా, ధర తప్పుగా చూపకుండా కాపలా కాసేదీ ఆయనే. 51వ సెక్షన్ కింద ఆయన అనుమతిస్తేనే సరుకు ఓడెక్కుతుంది. తనిఖీకి పెట్టె తెరవమంటే సహకరించండి, ఆ సమయాన్ని ముందే లెక్కలో ఉంచుకోండి.

సరుకులో చీడపీడలు లేవని తెలిపే మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం మరవద్దు. కంటైనర్‌లో చలి 13 డిగ్రీల కంటే తగ్గితే తొక్క నల్లబడుతుంది. లారీ కదిలే ముందు కంటైనర్ సీలు నంబరు, షిప్పింగ్ బిల్లులోని నంబరు ఒకటేనో కాదో మీ కళ్లతో చూసుకోండి.