బోల్టు రంధ్రాలు లేని సైకిల్‌కు నీళ్ల బాటిల్ హోల్డర్ బిగించే విధానం

విశాఖలో ఆర్కే బీచ్ నుంచి భీమిలి వైపు సైకిల్ తొక్కేవారికి, ముఖ్యంగా వేసవి ఉక్కపోతలో, నీళ్లు చేతికందే చోట ఉండి తీరాలి. ఫ్రేముకు బోల్టు రంధ్రాలు లేకపోతే కొత్తగా వేయించవద్దు. పలుచని గొట్టం ఆ చోట బలహీనపడడమే కాక, సముద్రపు తేమ లోపలికి చేరి తుప్పు పడుతుంది.

హ్యాండిల్ కింది నుంచి పెడళ్ల దాకా ఏటవాలుగా దిగే గొట్టం పైభాగమే హోల్డర్‌కు అనువైన చోటు. బాటిల్ పెట్టి చూసి, పెడళ్లను ఒక చుట్టు తిప్పి, మోకాలికి అడ్డు రాలేదనీ, బ్రేకు, గేరు కేబుళ్లు కింద నలగడం లేదనీ నిర్ధారించుకోవాలి.

ఈ పనిలో అన్నిటికన్నా ముఖ్యమైనది రబ్బరు. హోల్డర్ రెండు చివరలూ ఆనే చోట గొట్టాన్ని జిడ్డు లేకుండా తుడిచి, పాత సైకిల్ ట్యూబు ముక్కను రెండు పొరలుగా చుట్టాలి. హోల్డర్ పక్కకు తిరగకుండా ఆపేది ఆ రబ్బరు పట్టే. అది లేకుండా ఎంత బిగించినా రంగు గీసుకుపోతుందే తప్ప హోల్డర్ నిలవదు.

తర్వాత నీటి పైపులకు వాడే హోస్ క్లిప్పులు రెండు తీసుకుని, క్లిప్పు పట్టీని పూర్తిగా విప్పి, దాన్ని హోల్డర్ వెనుక భాగాన్నీ గొట్టాన్నీ కలిపి చుట్టి, పైదీ కిందిదీ మార్చిమార్చి కొద్దికొద్దిగా బిగించాలి. ఎంత సైజు క్లిప్పు కావాలో తెలియడానికి గొట్టం చుట్టూ దారం చుట్టి, వచ్చిన పొడవును 3.14తో భాగిస్తే వ్యాసం తెలుస్తుంది. రబ్బరు, హోల్డర్ మందం కూడా కలుపుకోవాలి. కొన్ని క్లిప్పుల్లో పట్టీ మాత్రమే స్టెయిన్‌లెస్ స్టీలుది, మర మామూలు ఇనుముది. మన ఉప్పుగాలికి ఆ మరే ముందు తుప్పు పట్టి, విప్పడానికి వీలు కాకుండా బిగుసుకుపోతుంది. కనుక అంగడిలోనే అయస్కాంతంతో చూసి, మర గట్టిగా అతుక్కుంటే వేరేది అడగడం మేలు. మర తల, మిగిలిన పట్టీ కొస కాలికి తగలని వైపు ఉండాలి, కొసకు టేపు చుట్టాలి. కార్బన్ ఫ్రేముకు మాత్రం లోహపు క్లిప్పు వాడకూడదు, నొక్కుడుకు అది పగలవచ్చు.

కేబుల్ టైలతోనూ (లాగి బిగించే ప్లాస్టిక్ పట్టీలు) పని జరుగుతుంది గానీ, ఎండకు అవి పెళుసుబారుతాయి. వాడితే నల్లవే వాడండి, తెల్లవాటికన్నా ఎండను బాగా తట్టుకుంటాయి.

బాటిల్ నిండా నీళ్లు పోసి, స్పీడు బ్రేకర్ల మీదుగా కాస్త దూరం తొక్కి వచ్చాక రబ్బరు కొంత అణుగుతుంది కాబట్టి క్లిప్పులను మరొక్కసారి బిగించాలి.