పిల్లికి ఇన్సులిన్ వేసే ముందు జాగ్రత్తలు

ముందు గిన్నె చూడండి. పిల్లి తినకపోయినా, వాంతి చేసుకున్నా సూది ఆపి డాక్టర్‌కి ఫోన్ చేయండి.

సిరంజి దగ్గరే నాకు ఎక్కువ భయం. మన మందుల షాపుల్లో మిల్లీలీటరుకు 40 యూనిట్ల ఇన్సులిన్, 100 యూనిట్ల ఇన్సులిన్ రెండూ దొరుకుతాయి. సీసా మీద ఏ అంకె ఉందో సిరంజి మీదా అదే ఉండాలి. 100 ఇన్సులిన్‌ని 40 సిరంజితో తీస్తే డోసు రెండున్నర రెట్లవుతుంది. నాలుగు కిలోల ప్రాణి అది తట్టుకోలేదు. కొన్న ప్రతిసారీ చదవండి.

విజయవాడ ఎండకి సీసా బయట ఉంచొద్దు. ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. గడ్డకడితే పారేయాల్సిందే.

చెవి అంచున చుక్క రక్తం తీసి షుగర్ చూడండి. డాక్టర్ చెప్పిన హద్దుకంటే తక్కువుంటే సూది వద్దు. బెదిరిన పిల్లికి షుగర్ ఎక్కువ చూపిస్తుంది, పాపం. ఆ ఒక్క అంకె చూసి డోసు పెంచకండి. వారాలు గడిచినా అదుపులోకి రాకపోతే పళ్లు, మూత్రం పరీక్ష చేయించండి. ఇన్ఫెక్షన్ ఉంటే ఇన్సులిన్ సరిగా పనిచేయదు.

తేనె చేతికందేలా పెట్టుకోండి. షుగర్ పడిపోయి పిల్లి తూలితే చిగుళ్లకు రాసి వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి.

మందు సగం బొచ్చు మీదే కారిపోయిందనిపించినా రెండోసారి వేయొద్దు.