సైన్సు బడి పూర్వ విద్యార్థి పేరును పద్మ, విజ్ఞాన్ పురస్కారాలకు పంపడం ఎలా? ఒడిశా సరిహద్దు జిల్లాల తెలుగువారి కోసం

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం, జయపురం చుట్టుపక్కల సైన్సు, లెక్కలకు పేరుపడ్డ రెసిడెన్షియల్ బడుల్లో చదివి, పరిశోధనలోనో వైద్యంలోనో ఇంజనీరింగులోనో పైకొచ్చిన మనవాళ్లు ఉన్నారు. వార్షికోత్సవానికి పిలుస్తాం, శాలువా కప్పుతాం, మెమెంటో ఇస్తాం. అది చేయాల్సిందే. అయితే పూర్వ విద్యార్థుల సంఘాలు చేయగలిగీ చేయకుండా వదిలేస్తున్న పని ఇంకొకటి ఉంది. ఆ మనిషి పేరును జాతీయ పురస్కారానికి నామినేట్ చేయడం.

దీనికి మంత్రి సిఫారసు అక్కర్లేదు. కలెక్టరు ఉత్తరం అక్కర్లేదు. పైసా రుసుము లేదు. పద్మ పురస్కారాలకు ఎవరైనా, ఎవరి పేరైనా పంపవచ్చు. ఎవరికి వారు దరఖాస్తు చేసుకోవడానికీ వీలుంది. పెద్ద పేరున్నవాళ్లకే వస్తాయనుకునేవారు 2019 పద్మశ్రీ జాబితా చూడండి. కటక్‌లో టీ కొట్టు నడుపుతూ బస్తీ పిల్లలకు బడి పెట్టిన తెలుగువాడు దేవరపల్లి ప్రకాశరావు అందులో ఉన్నారు. కొరాపుట్ జిల్లాలో దేశవాళీ వరి విత్తనాలను కాపాడిన ఆదివాసీ రైతు కమలా పూజారి కూడా ఉన్నారు.

ఏ పురస్కారానికి పంపాలి?

ముందు తేల్చుకోవాల్సింది ఇదే. పద్మ పురస్కారాలు 1954లో మొదలయ్యాయి. పద్మవిభూషణ్, పద్మభూషణ్, పద్మశ్రీ అని మూడు స్థాయిలు. సైన్సు, ఇంజనీరింగు, వైద్యం, సాహిత్యం-విద్య, సమాజసేవ, కళలు, క్రీడలు ఇలా చాలా రంగాలుంటాయి. రాష్ట్రీయ విజ్ఞాన్ పురస్కారాలు కేవలం సైన్సు, టెక్నాలజీ వాళ్లవి. వీటిని తొలిసారి 2024 ఆగస్టులో రాష్ట్రపతి చేతుల మీదుగా ఇచ్చారు. వీటిలో నాలుగు రకాలు: జీవితకాల కృషికి విజ్ఞాన్ రత్న, విశిష్ట కృషికి విజ్ఞాన్ శ్రీ, 45 ఏళ్ల లోపువారికి విజ్ఞాన్ యువ శాంతిస్వరూప్ భట్నాగర్, బృందానికి విజ్ఞాన్ టీమ్. ఆ ఏడాది టీమ్ పురస్కారం చంద్రయాన్-3 బృందానికి దక్కింది. మీ విద్యార్థి నలభై ఏళ్ల పరిశోధకురాలైతే, నా దృష్టిలో యువ పురస్కారమే సరైన దారి. పద్మశ్రీకి తర్వాత బోలెడు సమయం ఉంటుంది.

పద్మ దరఖాస్తులో రంగం ఎంచుకునేచోట చాలామంది తడబడతారు. లెక్కలకు సంబంధించినవాళ్లంతా సైన్సు కిందికే వస్తారనుకుంటారు. అలా ఏమీ లేదు. 2023లో గణిత పరిశోధకురాలు సుజాతా రామ్‌దొరైకి సైన్సు, ఇంజనీరింగు రంగంలో పద్మశ్రీ వచ్చింది. అదే ఏడాది పట్నాలో పేద పిల్లలకు లెక్కలు చెప్పి ఐఐటీలకు పంపిన ఆనంద్ కుమార్‌కు సాహిత్యం, విద్య రంగంలో వచ్చింది. ఇద్దరిదీ గణితమే. ఒకరు చేసింది పరిశోధన, ఇంకొకరు చేసింది బోధన. మీ పూర్వ విద్యార్థి చదివిన సబ్జెక్టును కాదు, చేసిన పనిని చూసి రంగం ఎంచుకోండి.

ఇంకో అపోహ కూడా ఉంది. ప్రభుత్వ ఉద్యోగులకు పద్మ ఇవ్వరని వినే ఉంటారు. ప్రభుత్వరంగ సంస్థల వాళ్లతో సహా ఉద్యోగంలో ఉన్నవాళ్లకు ఇవ్వరన్న మాట నిజమే. కానీ డాక్టర్లకు, శాస్త్రవేత్తలకు ఆ నిబంధనలో మినహాయింపు ఉంది. అంతరిక్ష సంస్థలోనో అణుశక్తి సంస్థలోనో పనిచేస్తున్న మన బడి పిల్లవాడు శాస్త్రవేత్తగా అర్హుడే. చనిపోయినవారికి మాత్రం మామూలుగా ఇవ్వరు. కాబట్టి పెద్దవయసు వాళ్ల పేర్లు వచ్చే ఏడాదికి వాయిదా వేయకండి.

కాగితాలు: మన జిల్లాల్లో వచ్చే చిక్కులు

దరఖాస్తులో రాసే పేరు, పుట్టిన తేదీ, ఊరు, జిల్లా ఆ మనిషి దగ్గరున్న కాగితాలతో సరిపోవాలి. మనవాళ్లకు ఇక్కడే చిక్కు వస్తుంది. ఇంట్లో ఇంటిపేరు ముందు, సొంతపేరు వెనక. ఒడిశా మెట్రిక్ సర్టిఫికెట్లో ఇంటిపేరు ఒక్క పొడి అక్షరమై, చివరనున్న ‘రావు’ ఇంటిపేరు స్థానంలోకి వచ్చేస్తుంది. ఉద్యోగంలో చేరాక పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా రాసుకుంటారు. పరిశోధన పత్రాల మీద మూడో రకంగా ఉంటుంది. ఆధార్ మీద ఎలా ఉందో దరఖాస్తులో అలాగే రాయండి. పత్రాల మీద వేరే రూపం ఉంటే ఆ సంగతి సైటేషన్‌లో, అంటే దరఖాస్తులో ఆ మనిషి కృషిని వివరించే భాగంలో, ఒక్క వాక్యంలో చెప్పండి. లేకపోతే ఆ పరిశోధన చేసింది ఈ మనిషేనా అని వెతికేవాళ్లకు అనుమానం వస్తుంది.

జిల్లా పేరుతోనూ ఇదే గొడవ. గజపతి జిల్లా 1992 అక్టోబరు 2న గంజాం నుంచి విడిపోయింది. రాయగడ, మల్కనగిరి అదే రోజున కొరాపుట్ నుంచి వేరయ్యాయి. అంతకుముందు చదివినవారి టీసీలో పాత జిల్లా పేరే ఉంటుంది. అది తప్పు కాదు, దిద్దించే పని పెట్టుకోవద్దు. చిరునామాలో ఇప్పటి జిల్లా రాస్తే చాలు.

బడి రికార్డు కావాలంటే హెడ్మాస్టరుగారికి ముందే చెప్పి ఉంచండి. పాత అడ్మిషన్ రిజిస్టర్లు బీరువా అడుగున ఎక్కడో ఉంటాయి. పరీక్షల రోజుల్లో వెళ్లి అడిగితే ఎవరికీ తీరిక ఉండదు.

ఎనిమిది వందల మాటలు

పద్మ నామినేషన్‌కు ప్రాణం సైటేషన్. ఆ మనిషి చేసిన విశిష్ట కృషిని కథనంలా చెప్పే భాగం అది, 800 పదాలు దాటకూడదు. మిగతా గళ్లన్నీ ఎవరైనా నింపేస్తారు. సంఘం కూర్చుని కష్టపడాల్సింది దీనిమీదే.

మనవాళ్లు రాసే సైటేషన్ సాధారణంగా ఇలా మొదలవుతుంది: ‘నిరుపేద కుటుంబంలో జన్మించి, చిన్ననాటి నుంచే అసమాన ప్రతిభ కనబరచి, మెట్రిక్‌లో ప్రథమ స్థానం సాధించి...’ సగం పేజీ అయిపోతుంది, చేసిన పని ఇంకా రాదు. మార్కులు, సన్మానాలు, బిరుదులు, మన బడి గొప్పతనం అన్నీ వార్షికోత్సవ ఉపన్యాసానికి బాగుంటాయి. ఇక్కడ మొదటి వాక్యంలోనే పని కనిపించాలి. ఒక వ్యవసాయ శాస్త్రవేత్త గురించి రాస్తున్నారనుకోండి. కొండవాలు పొలాల్లో వానకు మట్టి కొట్టుకుపోకుండా ఏ పద్ధతి తెచ్చారు, ఏ ఏ ఊళ్లలో, ఏ సంవత్సరం నుంచి, ఎన్ని ఎకరాల్లో నడుస్తోంది, ఆయన బదిలీ అయ్యాక కూడా రైతులు దాన్ని కొనసాగిస్తున్నారా? చివరి ప్రశ్నకు జవాబు దొరికితే అదే మీ సైటేషన్‌కు వెన్నెముక. డాక్టరైతే ఏ జబ్బు, ఎక్కడ, అంతకుముందు ఆ ఊరివాళ్లు వైద్యానికి ఎంత దూరం పోయేవారు అన్నది రాయండి. ‘ఎనలేని సేవలు’ అన్న మాట ఎక్కడ కనిపించినా కొట్టేసి, ఆ సేవ ఏమిటో రాయండి.

మొదట తెలుగులోనో ఒడియాలోనో రాసుకోవడం మేలు. విషయం స్పష్టంగా కుదిరాక ఇంగ్లీషులోకో హిందీలోకో మార్చండి. నేరుగా ఇంగ్లీషులో మొదలుపెడితే బరువైన విశేషణాలు వచ్చి చేరతాయి, పని పక్కకు పోతుంది. పూర్తయ్యాక ఆ రంగం తెలిసిన ఒకరికి చూపించండి. బరంపురంలో 2016 నుంచి ఐసర్ అనే కేంద్ర ప్రభుత్వ సైన్సు విద్యా పరిశోధన సంస్థ ఉంది, విశ్వవిద్యాలయం ఉంది. తెలిసిన అధ్యాపకులెవరైనా ఉంటే ఒకసారి చదివిపెట్టమని అడగండి. శాస్త్ర విషయంలో ఒక్క తప్పు దొర్లినా మిగతా అంతా నమ్మకం పోగొట్టుకుంటుంది.

పోర్టల్‌లో నింపడం

రెండు పురస్కారాలకూ దరఖాస్తు రాష్ట్రీయ పురస్కార్ పోర్టల్‌లోనే. చిరునామా అవార్డ్స్ డాట్ గవ్ డాట్ ఇన్. పోస్టులో పంపే పద్ధతి లేదు. నామినేట్ చేసేవారు తమ వివరాలతో రిజిస్టర్ చేసుకోవాలి. సంఘం తరఫున ఒకరు బాధ్యత తీసుకుని, తన దగ్గర ఎప్పుడూ ఉండే మొబైల్ నంబరు ఇస్తే ఇబ్బంది ఉండదు. లాగిన్ అయ్యాక ఆ ఏడాది పురస్కారం పేరు ఎంచుకుని, వ్యక్తి వివరాలు, రంగం, సైటేషన్ నింపి, అన్నీ సరిచూసుకున్నాకే సమర్పించండి. కంప్యూటర్ షాపులో చేయించేవారు సైటేషన్‌ను ముందే టైపు చేయించి పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లండి. వచ్చే దరఖాస్తు నంబరును సంఘం మినిట్స్ పుస్తకంలో రాసిపెట్టండి.

గడువు ఏటా ఒకేలా ఉండదు. 2025 పద్మ పురస్కారాలకు 2024 మే 1 నుంచి సెప్టెంబరు 15 వరకు తీసుకున్నారు. 2026 పురస్కారాలకు 2025 మార్చి 15నే మొదలుపెట్టారు, జూలై 31 గడువుగా ప్రకటించారు. మొదటి విజ్ఞాన్ పురస్కారాలకైతే 2024లో జనవరి 14 నుంచి ఫిబ్రవరి 28 వరకే. అందుకే పోయినేడు తేదీలు నమ్ముకోకుండా సంక్రాంతి నుంచే పోర్టల్ చూస్తూ ఉండండి.

పద్మ పేర్లను ప్రధానమంత్రి ఏటా నియమించే కమిటీ పరిశీలిస్తుంది. దానికి కేబినెట్ కార్యదర్శి అధ్యక్షులు. జాబితాను గణతంత్ర దినోత్సవం ముందురోజు ప్రకటిస్తారు. పురస్కారంతో పాటు రాష్ట్రపతి సంతకం చేసిన పత్రం, పతకం ఇస్తారు. డబ్బు గానీ రైలు రాయితీ గానీ ఉండవు. పేరుకు ముందో వెనకో బిరుదులా తగిలించుకోకూడదు. ఢిల్లీలో తెలిసినవాళ్లున్నారు, ఖర్చు పెట్టుకుంటే పని అవుతుందని ఎవరైనా ఫోన్ చేస్తే పెట్టేయండి.

ఈసారి రాకపోయినా వచ్చే ఏడాది మళ్లీ పంపడానికి అడ్డేమీ లేదు. సైటేషన్ ప్రతిని సంఘం దగ్గర ఒకటి, బడి ఆఫీసులో ఒకటి ఉంచండి. ఈలోగా ఆ మనిషి చేసిన కొత్త పని ఏదైనా ఉంటే దానికి చేర్చి, పాతవాటిలో బలహీనంగా ఉన్న వాక్యం తీసేసి పంపండి.